జట్టు, ఉద్ది, ఈల: పొల్లాచ్చి ప్రాంతపు బడి ఆటల్లో న్యాయం

తెలుగులో 'జట్టు' అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. మైదానంలో ఒక పక్షాన నిలిచి ఆడేవాళ్ళు జట్టు. బళ్ళో ఇద్దరు పిల్లలు కలిసిమెలిసి తిరుగుతుంటే వాళ్ళదీ జట్టే. కోపం వస్తే 'నీతో నాకు జట్టు లేదు పో' అంటారు. పొల్లాచ్చి వైపు తెలుగు పిల్లలు ఈ రెండో అర్థాన్ని ఇప్పుడు తమిళంలోనే చెప్పుకుంటున్నారు. స్నేహం చెడితే 'కాయ్', మళ్ళీ కలిస్తే 'పళం', అంటే కాయ, పండు. ఆటకు కట్టే జట్టుకు తమిళంలో 'అణి' అని వేరే మాట ఉంది. రెండు భావాలూ ఒకే మాటలో ఇమిడి ఉండటాన్ని నిఘంటుకారులు నానార్థం అని రాసి వదిలేస్తారు. కాని ఉన్నత పాఠశాల వయస్సు పిల్లవాణ్ణి అడిగి చూడండి. ఎవరితో ఆడాలి, ఎవరితో స్నేహంగా ఉండాలి అన్నవి వాడికి ఒకే ప్రశ్న. మొదటిదానికి జవాబు తప్పితే రెండోదీ పోతుంది.

ఆట మొదలైన తరువాత న్యాయం తప్పకుండా చూడటానికి మన బడులు గత నూరేళ్ళలో చాలా ఏర్పాట్లు చేశాయి. ఆటకు ముందు, జట్టు కట్టేటప్పుడు జరగవలసిన న్యాయాన్ని మాత్రం పల్లెలో పిల్లలు పట్టించుకున్నంతగా కూడా బడి పట్టించుకోలేదు. కోయంబత్తూరు జిల్లా తెలుగువాళ్ళ అనుభవం నుంచి ఈ సంగతి చెప్పటానికే ఈ వ్యాసం.

ఈ ప్రాంతానికి తెలుగువాళ్ళ రాక గురించి విద్యార్థులకు కొంత తెలిసే ఉంటుంది. విజయనగర కాలంలోనూ, 1529లో మొదలైందని చెప్పే మధుర నాయకుల పాలనలోనూ కమ్మవారు, బలిజలు, రాజకంబళం వారు, దేవాంగులు, అరుంధతీయులు విడతలు విడతలుగా వచ్చి స్థిరపడ్డారు. ఉడుమలైపేట దగ్గర తళి పాళయం రాజకంబళం వారిదే. పొల్లాచ్చి పట్టణంలోనే వడుగపాళయం అనే పేట ఉంది. వడుగర్ అంటే తమిళులు తెలుగువారికి పెట్టిన పేరు. నాయుడి ఇంట్లో తెలుగే, నాయుడి తోటలో మోటబావి తోలుసంచి కుట్టిన అరుంధతీయుడి ఇంట్లోనూ తెలుగే. ఈ రెండో సంగతిని మన సాంస్కృతిక చరిత్రలు సాధారణంగా ఒక వాక్యంలో దాటేస్తాయి. ఈ వ్యాసానికి అది ముఖ్యం.

ఇక పల్లె ఆటల దగ్గరికి వద్దాం. బడి రాకముందు న్యాయం ఉండేది కాదని, దాన్ని ఇంగ్లీషువాళ్ళు క్రికెట్టు బ్యాటుతో పాటు పట్టుకొచ్చారని ఒక అభిప్రాయం వాడుకలో ఉంది. మాటలను చూస్తే అలా అనిపించదు. ఆటకు ముందు ముగ్గురు చేతులు కలిపి 'పంటలు' వేసుకుంటారు. అరచేయి వెల్లకిలో బోర్లో ఎవరిది వేరుగా పడితే వాళ్ళు 'పండిపోతారు'. చివరికి మిగిలినవాడు దొంగ. వాడు దొంగ అయింది బలహీనుడై కాదు, బీదవాడై కాదు, చేయి అలా పడింది కనుక. తమిళ పిల్లలు ఇదే పనికి 'సా పూ త్రీ' అంటారు. మరీ చిన్నవాడు ఆడతానని ఏడిస్తే వాణ్ణి తరిమెయ్యరు. 'ఆటలో అరటిపండు' చేస్తారు. వాడు ఆడతాడు, పరుగెత్తుతాడు, కాని అవుటు కాడు. తమిళంలో వీడు 'ఒప్పుక్కు చప్పాణి'. తమిళ పేరులో కాస్త ఎగతాళి ఉంది. మన పేరులో కాస్త తీపి ఉంది. రెండింటిలోనూ ఏర్పాటు ఒకటే. నియమం తప్పి ఆడేవాడిది మనకు 'తొండి', తమిళంలో 'అళుగుణి ఆట్టం'. ఆ మాట ఏడుపుతో ముడిపడింది. ఓడిపోతూ ఏడుపు మొహంతో పేచీ పెట్టేవాడు వాళ్ళ దృష్టిలో మోసగాడు.

చెడుగుడులో కూత ఉంది. ('చెడుగుడు' తమిళంలో 'సడుగుడు'. మాట ఎటు నుంచి ఎటు వెళ్ళిందో తేల్చే పని ఇప్పుడు పెట్టుకోను.) గుక్క తిప్పుకోకుండా కూత పెట్టాలి. గుక్క తిప్పుకున్నాడా లేదా అన్నది కంటికి కనిపించదు, చెవికి వినిపించాలి. అందుకే కూత బిగ్గరగా ఉంటుంది. అది తీర్పు చెప్పేవాడు అవసరం లేని సాక్ష్యం. బిళ్ళంగోడులో లెక్క కూడా అంతే, పైకి అందరూ వినేటట్లు పెడతారు. మహారాష్ట్రలో పిల్లలు అదే ఆటలో 'వకట, లేండ, మూండ, నాల' అని లెక్క పెడతారు. మన ఒకటి, రెండు, మూడు, నాలుగు అక్కడ ఎప్పుడు చేరాయో గాని, ఆ పిల్లలకు అవి ఏ భాష అంకెలో తెలియకుండానే తరాలుగా నిలిచాయి. ఆట మాటలకు ఇంత ఆయుస్సు ఉంటుంది. అందుకే చరిత్రకారుడు శాసనాలతో పాటు వీటినీ చూడాలని నా వాదం.

వీటన్నిటిలో నాకు అపురూపంగా కనిపించేది 'ఉద్ది'. పాత కావ్యాలలో ఉద్ది అంటే జోడు, సమానుడు. ఆటలో దీని పద్ధతి ఇది. ఇద్దరు నాయకులు ఒక చోట నిలబడతారు. తక్కినవాళ్ళు బలానికి బలం, వయస్సుకు వయస్సు సరిపోయేటట్లు ఇద్దరిద్దరుగా విడిపోయి దూరంగా వెళ్తారు. అక్కడ రహస్యంగా చెరొక పేరు పెట్టుకుంటారు. ఒకడు సూర్యుడు, ఒకడు చంద్రుడు. ఒకడు చింత, ఒకడు వేప. భుజాల మీద చేతులు వేసుకొని వచ్చి నాయకుణ్ణి అడుగుతారు: 'నీకు చింత కావాలా, వేప కావాలా?' కోరుకున్న పేరు గలవాడు అటు, రెండోవాడు ఇటు. తమిళంలో కూడా దీని పేరు 'ఉత్తి'యే, ఉత్తి కట్టటం, ఉత్తి పిరించటం అంటారు. ఇందులో ఉన్న తెలివి చూడండి. సమానులు ఎవరో పిల్లలే తేల్చుకుంటారు, కాబట్టి రెండు పక్షాల బలం తూగుతుంది. ఎవణ్ణి ఎంచుకున్నాడో నాయకుడికి తెలియదు, కాబట్టి బావమరిదినో పక్కింటివాణ్ణో లాక్కోలేడు. చివరిదాకా ఎవరూ కోరుకోక మిగిలిపోయే అవమానం ఎవరికీ లేదు. ఈనాడు పాఠశాలల్లో కెప్టెన్లు ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుచుకొనే పద్ధతిలో ఆ చివరివాడు పడే బాధ ఎలాంటిదో అనుభవించినవాళ్ళకు తెలుసు.

పెద్దల పోటీల్లోనూ ఇలాంటి జాగ్రత్తలు ఉన్నాయి. రాజకంబళం వారు కరూరు, దిండిగల్లు వైపు జరిపే 'మాలై తాండుం' ఉత్సవంలో ఎద్దులను పరుగు తీయించి, గీత ముందు దాటినదానికి కన్నెపిల్ల చేత నిమ్మకాయలు, పసుపు ఇప్పిస్తారు. గెలుపు విలువ నిమ్మకాయ అయినప్పుడు తొండికి ఆశ తక్కువ. పొల్లాచ్చి, ఉడుమలైపేట రైతుల రేక్లా పందెంలో బండ్లను ఒక్కొక్కటిగా గడియారం మీద తోలుతారు. ఎద్దుల వయస్సును బట్టి 200 మీటర్లు, 300 మీటర్లు అని వర్గాలు విడదీస్తారు. ఎద్దుకు ఉద్ది ఎద్దే కావాలన్నమాట.

అయితే ఈ పల్లె న్యాయానికి ఒక సరిహద్దు ఉండేది, దాన్ని దాచిపెట్టి పొగడటం చరిత్ర రాయటం కాదు. ఉద్ది కట్టేది ఒకే వీధి పిల్లల మధ్య. నాయుళ్ళ వీధి పిల్లలు తమలో తాము, అరుంధతీయుల వాడ పిల్లలు తమలో తాము. సమానుడు అన్న మాట ఆ ఎల్ల దాటి వెళ్ళలేదు. ఆ గోడ పగలగొట్టటానికి అవకాశం ఉన్న ఒకే స్థలం బడి.

బడి ఆటల చరిత్ర మద్రాసు రాజధానిలో మెల్లగా మొదలైంది. 1882 నాటి హంటర్ కమిషన్ దేశీయ ఆటలు, జిమ్నాస్టిక్సు, డ్రిల్లు ఈ మూడింటినీ ప్రోత్సహించమని చెప్పింది. ఆచరణలో నిలబడింది ఎక్కువగా డ్రిల్లే. సైదాపేటలో వ్యాయామ ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చేవారు. కోడి రామమూర్తి నాయుడు కూడా అక్కడ చదివి వెళ్ళే విజయనగరం బళ్ళో వ్యాయామ ఉపాధ్యాయుడయ్యాడు. 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించాడు. బక్ కవాతు మనిషి కాదు. పిల్లలు ఆడాలి, ఆటలోనే క్రమశిక్షణ అలవడాలి అన్నది ఆయన సిద్ధాంతం. ఆటల నియమాలను కూర్చి ఆయన వేసిన పుస్తకం వ్యాయామ ఉపాధ్యాయుల చేతుల్లో చాలాకాలం ఉంది. 1956లో కోయంబత్తూరు దగ్గర పెరియనాయకన్‌పాళయంలో రామకృష్ణ మిషన్ విద్యాలయం వారు మారుతి వ్యాయామ కళాశాల పెట్టారు. ఇలా తయారైనవాళ్ళే మా ప్రాంతపు డ్రిల్లు మాస్టర్లు, తరువాతి పేరుతో పి.టి. మాస్టర్లు.

వీళ్ళు తెచ్చిన మేలు తక్కువది కాదు. ఈల ఊదేవాడు ఏ వీధికీ చెందనివాడు కావటం పెద్ద మార్పు. అంతకుముందు గుక్క తెగిందా లేదా అన్నది గొంతు పెద్దగా ఉన్నవాడి మాట. ఇప్పుడు అది నియమం. గీత సున్నంతో వేసింది, కాలికి సున్నం అంటితే వాదన లేదు. పీళమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడు కుమారులు నలుగురు ఆస్తిని అయిదు భాగాలు చేసి, అయిదో భాగాన్ని 1926లో ధర్మనిధిగా పెట్టారు. వాళ్ళ బడి పేరు 'సర్వజన'. ఆ మాటలోనే ఒక వాగ్దానం ఉంది. అందరూ రావచ్చు అని తలుపు తీయటం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. తలుపు లోపలికి వచ్చినవాళ్ళు ఎవరి పక్కన నిలబడతారన్నది తరువాతి ప్రశ్న.

ఆ ప్రశ్న నాకు ఎదురైన సందర్భం ఒకటి చెప్పాలి. నేను పొల్లాచ్చి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతున్న రోజులు, 1980లలో. తరగతుల మధ్య చెడుగుడు పోటీ పెట్టారు. మా తరగతి జట్టులో ఎక్కువమంది మా ఊరి నాయుళ్ళ పిల్లలమే. పి.టి. మాస్టరు మా ఊరి వాడ నుంచి వచ్చే ఒక అబ్బాయిని కూడా జట్టులో వేశారు. వాడి గుక్క మా అందరికంటె పొడుగు. వాడు మాట్లాడేది మా తెలుగే, యాస కూడా పెద్దగా తేడా లేదు. మాస్టరు వినేంత దూరంలో ఎవరూ ఏమీ అనలేదు. చెట్టు కిందికి వెళ్ళిన తరువాత మాలో పెద్దవాడు ఒక్క మాట అన్నాడు: 'వాని చెయ్యి ఎవుడు పట్టుకునేది?'

చెడుగుడు ఆడినవాళ్ళకు ఈ ప్రశ్న బరువు తెలుస్తుంది. కూతకు వచ్చినవాణ్ణి చుట్టుముట్టటానికి చేతులు పట్టుకొని గొలుసు కట్టాలి. ఆ రోజు మా గొలుసు వాడి దగ్గరికి వచ్చేసరికి తెగింది. అటూ ఇటూ జానెడు ఖాళీ. వాడు చేయి చాపి ఉంచాడు. వాడి ఎడమ పక్కన ఉన్నది నేను. చెట్టు కింద నేను ఏమీ అనలేదు, గీత లోపలా ఏమీ చేయలేదు. నాకు వాడి మీద ద్వేషం ఏమీ లేదు. చేయి పట్టుకుంటే మరునాటి నుంచి నాతో ఎవరూ జట్టు ఉండరని భయం, అంతే. ఎదుటి జట్టు ఆ ఖాళీని రెండో కూతకే కనిపెట్టింది. మూడుసార్లు అక్కడి నుంచే తప్పించుకు వెళ్ళారు. ఓడిపోయాం. ఓడినందుకు కాదు, ఒళ్ళు వంచి ఆడనందుకు అని మాస్టరు జట్టు మొత్తాన్ని మైదానం చుట్టూ పది చుట్లు పరుగెత్తించారు. వాడు కూడా పరుగెత్తాడు. ఆ తరువాత వాడు ఏ జట్టులోనూ పేరు ఇవ్వలేదు.

ఆ మాస్టరు అన్యాయస్థుడని నేను అనను. ఆయన చేతిలో ఉన్న పుస్తకంలో చేయి పట్టుకోకపోవటం తప్పు కాదు. ఈల ఊదటానికి అక్కడ ఏమీ జరగలేదు. క్రమశిక్షణ అన్నది అందరికీ సమానంగా పడింది, అదే అందులోని అన్యాయం. తప్పు చేసినవాళ్ళకూ, తప్పు ఎవరి మీద జరిగిందో వాడికీ పదే చుట్లు. నియమం కంటికి కనిపించే దోషాన్ని పట్టుకుంటుంది. తోటివాళ్ళ ఒత్తిడి చేసే పని చాలావరకు ఏదో ఒకటి చేయకపోవటం. దాన్ని పట్టుకొనే నియమం రాయటం కష్టం.

ఇది బడిపిల్లల చేష్ట అని తోసెయ్యటానికి వీలు లేదు. ఆంధ్రదేశం వెలుపలి తెలుగువారి క్రీడాచరిత్రలో అందరికీ తెలిసిన పేరు నాగపూరు సి.కె. నాయుడుది. 1932 జూన్ 25న లార్డ్స్‌లో మొదలైన భారతదేశపు మొదటి టెస్టుకు ఆయన నాయకుడు. ఆ పర్యటనకు నాయకుడిగా వెళ్ళిన పోరుబందరు మహారాజు తన ఆట సంగతి తనకు తెలిసి పక్కకు తప్పుకున్నాడు. అప్పుడు కూడా రాజు కాని నాయుడి కింద ఆడమని కొందరు ఆటగాళ్ళు మొరాయించారని, పై నుంచి గట్టిగా చెబితే గాని దారికి రాలేదని ఆ కాలపు చరిత్రలు చెబుతున్నాయి. నాయుడు క్రమశిక్షణ విషయంలో కఠినుడు, అదీ వాళ్ళకు నచ్చలేదు. 1936లో నాయకత్వం విజయనగరం రాజకుమారుడు 'విజ్జీ'కి దక్కింది. లాలా అమరనాథ్‌ను క్రమశిక్షణ పేరుతో టెస్టులకు ముందే ఇంటికి పంపారు. నాయుణ్ణి అందరి ముందు అవమానించినందుకే ఒక ఆటగాడికి టెస్టులో చోటు దొరికిందన్న మాట ఇప్పటికీ చెప్పుకుంటారు. విచారణ జరిపిన బోమాంట్ కమిటీ 1937లో విజ్జీ నాయకత్వాన్ని తప్పుపట్టి అమరనాథ్‌ను నిర్దోషి అన్నది. ఇంగ్లండులో చదివి, ఆట నియమాలు కంఠపాఠంగా వచ్చినవాళ్ళ మధ్య జరిగిన సంగతి ఇది. పిచ్ మీద ఒక్క నియమం తప్పలేదు. తప్పిందంతా జట్టు కట్టటంలో.

తిరిగి తమిళనాడు బడులకు వద్దాం. ఇక్కడ ప్రభుత్వం మంచి ఉద్దేశంతో పెట్టిన బడుల్లోనే కొన్ని వర్గం పేరుతో వేరుగా ఉన్నాయి. ఆది ద్రావిడ సంక్షేమ పాఠశాలలు, మధుర ప్రాంతంలో కళ్ళర్ పాఠశాలలు అలాంటివి. చదువు అందని పిల్లలకు చదువు అందించాయి, కాదనలేం. కాని ఆటస్థలం వేరైనప్పుడు ఉద్ది ఎవరితో? ఇక కలిసి చదివే చోట ఏం జరుగుతున్నదో 2019 జూలై 31న పాఠశాల విద్యా సంచాలకుడు పంపిన ఒక సర్క్యులరు వల్ల బయటపడింది. కొన్ని బళ్ళలో పిల్లలు కులాన్ని తెలిపే రంగుల తాళ్ళు చేతికి కట్టుకుంటున్నారని, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, కాషాయం ఇలా, వాటిని గుర్తుగా పెట్టుకొని ఆటల జట్లకు ఎంపిక జరుగుతున్నదని, భోజన విరామంలో గుంపులు కడుతున్నారని అందులో ఉంది. అలాంటి బడులను గుర్తించి ఆపమని ఆదేశం. దాని మీద రాజకీయంగా అభ్యంతరం రాగానే, అది తనకు తెలియకుండా వెలువడిందని, పాత పద్ధతే కొనసాగుతుందని అప్పటి విద్యామంత్రి ప్రకటించారు.

2023 ఆగస్టులో తిరునెల్వేలి జిల్లా నాంగునేరిలో ఒక దళిత విద్యార్థి మీద తోటి విద్యార్థులే ఇంటికి వెళ్ళి కత్తులతో దాడి చేశారు. అడ్డుపడిన చెల్లెలికీ గాయాలయ్యాయి. ఆ తరువాత వేసిన జస్టిస్ కె. చంద్రు కమిటీ 2024 జూన్‌లో ఇచ్చిన నివేదికలో చేతి తాళ్ళు, ఉంగరాలు, నుదుటి గుర్తులు నిషేధించమని, బడుల పేర్లలో కులం తీసెయ్యమని, తరగతిలో అక్షరక్రమంలో కూర్చోబెట్టమని సూచించింది. పొల్లాచ్చి బడుల్లో ఈ తాళ్ళు ఉన్నాయని నేను అనటం లేదు. మా తరగతిలో ఎవరి చేతికీ తాడు లేదు. జానెడు ఖాళీకి తాడు అవసరం కాలేదు. కాని ఆ సర్క్యులరు చదివినప్పుడు అధికారులు 'ఆటల జట్లు' అన్న మాటను మొదట రాయటం నన్ను ఆపింది. కులం దాగలేని స్థలం ఏదో వాళ్ళకు సరిగ్గానే తెలిసింది.

అక్షరక్రమం ఉద్దికి దూరపు బంధువే. రెండూ ఎంపికను పిల్లల ఇష్టానికీ, మాస్టరి ఇష్టానికీ వదలవు. తేడా ఏమిటంటే ఉద్దిలో 'వీడు నాకు సమానుడు' అని పిల్లవాడు స్వయంగా ఒప్పుకొని, భుజం మీద చేయి వేసుకొని నడిచి రావాలి. అది ఏ ఉత్తర్వూ చేయించలేదు. మరొక రకం తొండి గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. 1954లో ఏర్పడిన జాతీయ పాఠశాల క్రీడా సమాఖ్య పోటీలు 14, 17, 19 ఏళ్ళ లోపు అన్న వర్గాల్లో జరుగుతాయి. తమిళనాడులో భారతియార్ దినోత్సవ పోటీలు, గణతంత్ర దినోత్సవ పోటీలు కూడా వయస్సును బట్టే. వయస్సు తగ్గించి చూపే మోసం దేశమంతటా ఉంది. జట్టులో ప్రతివాడికీ ఎవడి వయస్సు ఎంతో తెలుసు, ఎవడూ చెప్పడు. చెప్పినవాడితో జట్టు ఉండదు. ఎద్దుకు చూసే వయస్సు మనిషికి చూడలేకపోతున్నాం.

1990లలో పరిశోధన కోసం ఆటల మాటలు సేకరిస్తూ మా ఊరికే వెళ్ళాను. మొదట నాయుళ్ళ వీధిలో, మరునాడు అరుంధతీయుల వాడలో. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకొని చూస్తే నాకు పని లేకుండా పోయింది. ఉద్ది, తొండి, కూత, పంటలు, అరటిపండు, మాటకు మాట ఒకటే. ధ్వనిభేదం కూడా చెప్పుకోదగ్గది లేదు. మాండలిక పటం మీద ఆ రెండు చోట్ల మధ్య గీత గీయటానికి ఆధారం దొరకలేదు. వాడలో నాకు మాటలు చెప్పిన పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి. ఉద్ది పేర్లు పదిహేను దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. చిన్నప్పుడు వీధి పిల్లలతో ఎప్పుడైనా ఉద్ది కట్టారా అని అడిగాను. ఆయన నా టేపురికార్డరు వైపు ఒకసారి చూశాడు.

'అది ఆడుకునే ఆట గదా సామీ,' అన్నాడు, 'మీరెట్ల వస్తిరి?'